నాలుగు వందల వాట్ల జీపు

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవాటిని కూడితే ఇలా తేలుతుంది: జీపు హారన్, చిన్న ఫ్యాన్, పాటల పెట్టె, పాత హెడ్‌లైట్లు, ఒక్క ఉదయంలో ఆరుగురు ప్యాసింజర్లు, కొద్దిలో తప్పింది గానీ డ్రైవరు సీటు కూడా. దొంగలెవరూ రాలేదు. వస్తువులన్నీ లెక్క ప్రకారం నా చేత్తో నేనే ఊడదీశాను. పదో తరగతి తప్పి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడికి వాటి మీద ఉండే నమ్మకం అలాంటిది.

మాది బూర్గంపాడు. మేనమామ జీపులో యాత్రికులను పర్ణశాలకు తీసుకెళ్లేవాణ్ణి. చలికాలం పొద్దున అడవి దారంతా మంచు. "ముంగట బర్రె ఉన్నదో బస్సు ఉన్నదో నీకు కనవడకపాయె. గిట్లయితే పెద్ద డ్రైవర్ని పెడత" అన్నాడు మామ. సీటు కాపాడుకోవాలని ఖమ్మం వెళ్లి, అప్పుడే కొత్తగా వస్తున్న ఎల్‌ఈడీ లైట్లు రెండు తెచ్చాను. డబ్బా మీద ఒక్కోటి రెండు వందల వాట్లని ఉంది, పక్కన గర్జిస్తున్న పులి బొమ్మ. (పులి ఎన్ని వాట్లో రాయలేదు.)

రెండూ కలిపి నాలుగు వందలు. మెకానిక్ చెప్పిన దాన్నిబట్టి జీపు డైనమో ఇచ్చేది అంతకన్నా కొంచెమే ఎక్కువ. మిగతావన్నీ ఉంటే బ్యాటరీ పడుకుంటుంది. అందుకే పాటలు, ఫ్యాన్, హారన్ అన్నీ పీకేశాను. ఇద్దరు సూర్యుళ్లను తెచ్చాక దీపాలెందుకని పాత హెడ్‌లైట్లు కూడా తీసేశాను.

మర్నాడు బయల్దేరాం. కొత్త లైట్లు మంచును మరింత తెల్లగా చేశాయి తప్ప దారి చూపించలేదు. ఇంతలో ఎదురుగా బర్రెల మంద. హారన్ లేదు కదా, కిటికీలోంచి తల బయటపెట్టి "హోయ్, హోయ్" అని అరుస్తూ పోనిచ్చాను. వెనక సీట్లోంచి ఒక ముసలమ్మ అడిగింది: "ఏమయ్యా, మమ్ముల గుడికి తీస్కపోతున్నవా, బర్లు కాయవోతున్నవా? పాటల్లేవు, హారన్ లేదు, గిదేం జీపు?" ఆరుగురూ దిగి, వెనకాల వచ్చిన ఆటో ఎక్కారు.

ఇంటి దగ్గర ఖాళీ జీపును చూసి, సంగతి విని మామ చెయ్యి చాపాడు. "తాళం ఇటియ్యి."

"లెక్క తప్పలేదు మామా."

అత్త వచ్చి, వెలుగుతున్న లైటు మీద అరచెయ్యి పెట్టింది. ఆవిడ కోడిపిల్లల గంప మీద అరవై వాట్ల బల్బు వేలాడదీసేది. "ఇది రెండొందలా? దీన్ని నమ్ముకుంటే నా పిల్లలు సలికి సస్తయ్ అల్లుడా."

ఎల్‌ఈడీకి అంత వేడి ఉండదని వివరించబోయాను. వివరిస్తుండగానే నాకూ అనుమానం పుట్టింది. అన్ని వాట్లు పోతుంటే నేను వేసిన సన్న తీగ అయినా కాలాలి కదా. పట్టుకుంటే చల్లగా ఉంది. పక్కింటి నుంచి మీటరు తెచ్చి ఒక లైటుకు పెట్టాను. పన్నెండు వోల్టులు, ఒకటిన్నర ఆంపియర్లు. గుణిస్తే పద్దెనిమిది.

మామకు గుణకారం రాదు గానీ నా మొహం చదవడం బాగా వచ్చు. "ఎంతొచ్చిందిరా?"

"రెండిటికీ కలిపి ముప్పై ఆరు."

మామ చాలాసేపు నవ్వాడు. తరువాత తాళం నా జేబులో వేశాడు. "నువ్వు లెక్క మంచిగనే జేసినవ్ పో. డబ్బా రాసినోడే చెయ్యలే. అన్ని జల్దీ బిగించు. రేపటి సంది మంచు పోయినంకనే బండి తియ్యి."

ఇప్పుడు నా తలలో తెలుపే ఎక్కువ. బల్బు కొనేముందు జేబులోంచి మీటరు తీస్తే దుకాణంలో కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. నేనూ నవ్వుకుంటాను, హారన్ లేని జీపులో అంత ధీమాగా కూర్చున్నవాణ్ణి తలచుకుని. ఆ లైట్లు అమ్మినాయన మాత్రం నాకు ఇప్పటికీ మూడు వందల అరవై నాలుగు వాట్లు బాకీ.