నల్ల తీగ

తిరుపతిలో ఆటోలకు పాటల సెట్లు బిగించే జోయల్ మాట్లాడేది తక్కువ. స్పీకరు పలికేదీ లేనిదీ అరచేతితోనే చూస్తాడు. ఆటోలో ఇనుమే కరెంటును తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది గనక, సెట్టు నల్ల తీగను చూడకుండానే బండి ఒంటికి బిగించేస్తాడు. పులికాట్ సరస్సులో జనాన్ని తిప్పే కృపామణి పడవకు కొత్త సెట్టూ ఆంప్లిఫయరూ పెడుతున్నప్పుడు కూడా అలవాటుకొద్దీ ఆ తీగను పడవ అంచుకే బిగించాడు. సెట్టు వెలగలేదు. రేవులో నిలబడిన పెండ్లి జనం పాటలు లేకుంటే పక్క పడవ ఎక్కుతామన్నారు.

"ఏమప్పా, నా పడవకు నోరు పడిపాయనా?" అంది కృపామణి. జోయల్ అంచును వేలితో తట్టాడు. "ఇనుమనుకున్నానక్కా, ఇది ఫైబరు గదా, కరెంటు పారదు!" అని తనే నవ్వేసి, నల్ల తీగను బ్యాటరీ దాకా లాగి బిగించాడు. స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. అదిరింది, పాట మొదలైంది. జనమంతా ఎక్కి కూర్చున్నా అతను ఆ చెయ్యి తియ్యలేదు.