కుంగిన బ్రెడ్డు

కనకమహాలక్ష్మి కువైట్‌లో పధ్నాలుగేళ్ళు వంట చేసింది. ఒకే ఇంట్లో, ఒకే మేడమ్ దగ్గర. పదకొండు మంది తినే ఇల్లు, రోజూ పొద్దున్నే, పిండి కలపడం నుంచి కాల్చడం దాకా తనే చేసుకునే మిషన్‌లో బ్రెడ్డు చెయ్యాల్సిందే. పని మానేసి అంబాజీపేట వచ్చేస్తుంటే మేడమ్ ఆ పాత మిషన్నే బహుమానంగా ఇచ్చి పంపింది. ఏ బంగారపు గాజో తెస్తుందని ఎదురుచూసిన మొగుడు బాబ్జీ అట్టపెట్టె విప్పి, "ఇదేంటే, రేడియోనా?" అన్నాడు.

ఆర్నెల్లు అది అటక మీదే పడి ఉంది. చెప్పొద్దూ, మన వైపు బ్రెడ్డు మొహం చూసేదెవరు? జ్వరమొస్తే పాలల్లో ముంచుకు తినాలి, జ్వరం తగ్గితే మర్చిపోవాలి, అంతే.

దాన్ని కిందకి దింపాల్సి వచ్చింది అత్తగారి కోసం. సూరమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. శ్రావణమాసంలో బీపీ పెరిగి, పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. అమలాపురంలో చూపిస్తే ఉప్పు బాగా తగ్గించమన్నారు డాక్టరుగారు. మహాలక్ష్మి ఏ పనైనా ఒక పిసరు ఎక్కువే చేస్తుంది గానీ తక్కువ చెయ్యదు. తగ్గించమంటే మొత్తానికే ఎత్తేసింది. పప్పులో లేదు, కూరలో లేదు, చారులో లేదు. ఊరగాయ జాడీలు పక్కింటి కామాక్షి అటకెక్కాయి. సూరమ్మ నాలుగు మెతుకులు కెలికి కంచం పక్కకి తోసేసేది.

"ఈ చప్పిడి కూడు నావల్ల కాదే. దీనికన్నా గడ్డి నయం" అనేది.

నెలన్నరలో మనిషి సగమైపోయింది. రవికలు వదులైపోయాయి. మళ్ళీ చూపించినప్పుడు డాక్టరుగారు మొహం చిట్లించారు. "సోమవారానికి తిండి పుంజుకోకపోతే అడ్మిట్ చేసేద్దామమ్మా" అన్నారు. సూరమ్మకి ఆస్పత్రి అంటే హడలు. ఆవిడ భర్త తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళి చేరాడు, అంబులెన్సులో ఇంటికొచ్చాడు. "నన్నక్కడ పడేయకండ్రా" అని ఆటోలో దారి పొడుగునా కొడుకు చెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రం తనంతట తనే, "బ్రెడ్డయితే పాలల్లో ముంచుకుని తింటానేమో" అంది. మహాలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. బజార్లో దొరికే బ్రెడ్డులో ఉప్పుంటుంది, అది పనికిరాదు. "నేను చేసి పెడతానండి అత్తయ్యా" అని అప్పటికప్పుడు అటక మీంచి మిషన్ దింపించింది.

ఆ పధ్నాలుగేళ్ళూ కూతురు కుసుమకి జడేసింది సూరమ్మే. బడికి పంపింది, పురుడు పోసింది కూడా ఆవిడే. ఊరుగానిఊళ్ళో ఎవరెవరికో వండిపెట్టిన చేత్తో, ఇంట్లో ఈ ఒక్క మనిషికి కడుపునిండా పెట్టలేకపోతే తనేం వంటమనిషని మహాలక్ష్మి బాధ. ఆ సోమవారంలోగా ఎలాగైనా ఆవిడ చేత తినిపించాలి.

మంచి ప్లగ్గు హాల్లోనే ఉంది కాబట్టి సూరమ్మ మంచం పక్కన స్టూలేసి మిషన్ పెట్టింది. నీళ్ళు, నూనె, పంచదార, మైదా, అన్నిటికన్నా పైన పిండిని పొంగించే ఈస్టు. ఉప్పు సంగతి ఆమె ఆలోచించనేలేదు. రుచి కోసం వేసేదే కదా అది, రోగికి చేసేదాంట్లో ఎందుకు? గురువారం బ్రెడ్డు మూతకి తగిలేంత పొంగింది. పొంగి, కాలుతూ కాలుతూ నడుం విరిగినట్టు మధ్యలో కుంగిపోయింది. ఆ గుంటలో పిల్లలు గోళీలాడుకోవచ్చు. కోస్తే లోపలంతా జిగురు. సూరమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కోడలు చూడకుండా ఉమ్మేసింది.

"కరెంటే. ఓల్టేజీ సరిగ్గా లేదు" అన్నాడు బాబ్జీ. కొబ్బరికాయల లోడింగు చేసేవాడికి కరెంటు గురించి ఏం తెలుసో గానీ, ఫ్రిజ్జు స్టెబిలైజరు పీకి దీనికి తగిలించాడు. శుక్రవారం పొద్దున నీళ్ళు కూడా తగ్గించి వేసింది మహాలక్ష్మి. మళ్ళీ కుంగింది. కువైట్‌లో తనతో పనిచేసిన అన్నపూర్ణకి వీడియో కాల్ చేసి గుంట చూపించింది.

"వేడక్కా. ఇక్కడ ఏసీలో చేసేవాళ్ళం కదా. చన్నీళ్ళు పొయ్యి, ఈస్టు తగ్గించు" అంది అన్నపూర్ణ. "మిగతావన్నీ మామూలుగానే వేశావా?"

"ఆయ్, అన్నీ వేసేను" అంది మహాలక్ష్మి. అబద్ధమాడుతున్నానని ఆమెకే తెలీదు పాపం.

మధ్యాహ్నం ఫ్రిజ్జు నీళ్ళతో చేస్తే గుంట చిన్నదైంది గానీ పోలేదు. శనివారం ఇంకోసారి అలాగే వేసి, మిషన్ తిరుగుతుంటే పెరట్లో బట్టలారేసి వచ్చింది. ఆశ్చర్యం! బ్రెడ్డు గుండ్రంగా పొంగి, పొంగింది పొంగినట్టే నిలబడింది. కోస్తే దూదిలా ఉంది. సూరమ్మ మూడు ముక్కలు తిని, గ్లాసు అడుగున మిగిలిన పాలు కూడా తాగేసింది. "రుచిగా ఉందే లక్ష్మీ" అంది. నెలన్నర తర్వాత ఆవిడ నోట ఆ మాట! మహాలక్ష్మి ఆ రాత్రి కామాక్షికి రెండు ముక్కలు పంపించి మరీ గొప్పలు పోయింది.

ఆదివారం అదే కొలత, అవే చన్నీళ్ళు. పిండి వెయ్యడం దగ్గర్నించీ మిషన్ ముందు నుంచి కదల్లేదు. మూడు గంటల తర్వాత మూత తీస్తే మళ్ళీ గుంట.

"నా చేతులకేం రోగమొచ్చింది దేవుడా" అని నేల మీద చతికిలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది మహాలక్ష్మి. తెల్లారితే సోమవారం.

సూరమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత మెల్లగా, "ఇలా రా. తిట్టనని చెప్పు ముందు" అంది.

"మిమ్మల్ని నేనెందుకు తిడతానండి?"

సూరమ్మ తలగడ కిందనుంచి పాత మాత్రల సీసా తీసింది. అందులో సగానికి ఉప్పుంది. "నిన్న నువ్వు పెరట్లోకెళ్ళినప్పుడు మూత తీసి ఇది కాస్త వేసేను. ఇవాళ నువ్వు కదిలితేగా!"

మహాలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. "ప్రాణం మీదకి తెచ్చుకుంటారా? ఇంట్లో దొంగతనమా?" అని అరవబోయి, సగంలో ఆగింది. గబగబా ఫోన్ తీసి అన్నపూర్ణకి కలిపింది.

"ఉప్పు వెయ్యలేదా? అయ్యో అక్కా! ఉప్పు లేకపోతే ఈస్టుకి పగ్గముండదు. గబగబా పొంగి కూలిపోద్ది. మొదటి నెల్లోనే మేడమ్ చెప్పింది కదా!"

ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు తిరిగింది మహాలక్ష్మి. "చెప్పకుండా ఉంటే నాకు తెలిసేదే కాదు కదండి. ఎందుకు చెప్పేరు మరి?"

"కువైట్ వెళ్ళిన రోజున కూడా నా ముందు ఏడవలేదు నువ్వు. బ్రెడ్డు కుంగిందని ఇంతలా ఏడుస్తుంటే చూడలేకపోయేను."

"బ్రెడ్డు కోసం కాదండి అత్తయ్యా" అంది మహాలక్ష్మి. సూరమ్మ తన కొంగుతోనే కోడలి మొహం తుడిచింది.

సోమవారం మహాలక్ష్మి డాక్టరుగారికి అంతా దాచకుండా చెప్పేసింది. "తగ్గించమన్నానమ్మా, మానిపించమన్నానా?" అని ఆయన నవ్వారు. రోజు మొత్తానికి ఎంత ఉప్పు వాడొచ్చో చెంచా కొలతతో చూపించారు. తిండి మొదలైంది కాబట్టి అడ్మిషన్ అక్కర్లేదన్నారు. తిరుగు ప్రయాణంలో ఆటోలో సూరమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఇంటికి రాగానే మహాలక్ష్మి ఆ మాత్రల సీసా కడిగి ఆరబెట్టింది. మిషన్లో ఉప్పు తప్ప అన్నీ వేసి, ఆ రోజుకి సరిపడే ఉప్పు కొలిచి ఆ సీసాలో పోసి, అత్తగారి చేతిలో పెట్టింది.

"ఇవాల్టికి ఇదేనండి. బ్రెడ్డులో ఎంతో, కూరలో ఎంతో మీ ఇష్టం."

సూరమ్మ సీసా వెలుతురుకి ఎత్తి చూసుకుంది. "ఇంతేనా?"

"అంతేనండి."

సూరమ్మ మంచం మీంచి వంగి, మిషన్ మూత తనే తీసి, సగం ఉప్పు మైదా మీద చల్లింది. మిగతా సగం మూతపెట్టి, అలవాటు కొద్దీ తలగడ కింద దాచబోయి, కోడల్ని చూసి నవ్వేసి, పక్కనున్న స్టూలు మీదే పెట్టేసింది.