మూతికి చిల్లు లేని కొర్రమీను

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఆడపిల్లలు గాలం పట్టేవాళ్ళు కాదు. నేను పట్టాను. నాగావళి మా ఇళ్ళకి రెండు పొలాల అవతలే పారేది. మా తాతయ్య గాలం భుజాన వేసుకుని ఏటికి బయలుదేరితే నేను వెనకాలే పరిగెత్తేదాన్ని. మా అమ్మ తిట్టేది, తాతయ్య రానీ అనేవాడు. ఆఖరికి ఒక సన్నటి వెదురు కర్రకి దారం కట్టి, జీలుగు బెండు ముక్క తగిలించి నాకూ ఒక గాలం చేసిచ్చాడు.

ఆ సుఖం కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళ మీద బెండు ఊరికే ఉంటుంది, మన కళ్ళు దాని మీదే ఉంటాయి, ఇంటి సంగతులేవీ గుర్తుకు రావు. బెండు సన్నగా వణికితే పరిగెల్లాంటి చిన్న చేపలు ఎర కొరుకుతున్నట్టు, పక్కకి జరిగితే జెల్ల, ఒక్కసారే మునిగితే పెద్ద చేప. ఇదంతా తాతయ్య నేర్పాడు. నాకు మాత్రం వణకడం దగ్గరే ఆగిపోయేది. తొందరపడి లాగేదాన్ని, వానపాము పోయి ఉత్త కొక్కెం పైకి వచ్చేది. లేకపోతే రాళ్ళలో ఇరుక్కుని దారం తెగేది. అలా పదిహేను రోజులు ఒక్క చేప కూడా పడలేదు.

మా మేనత్త కొడుకు ఒకడుండేవాడు, నాకు బావ వరస. రోజూ సాయంత్రం వీధిలో కాపు కాసేవాడు. "ఏటే, ఏట్లో సేపలకి రోజూ సద్దన్నం పెట్టొస్తన్నావేటి?" అనేవాడు. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వేవాళ్ళు. మా అమ్మ విసిగిపోయి, రేపటితో ఆఖరు, ఆ పైన గాలం పొయ్యిలో పెట్టేసి నిన్ను మేకల వెంట పంపుతానంది. అన్నంత పనీ చేసే మనిషి.

ఆ మర్నాడు తాతయ్యకి పొలంలో పనుంది. నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎండ నెత్తి మీదకి వచ్చినా బెండు మునగలేదు. లేచి ఒడ్డంట నడుస్తుంటే తుంగ దుబ్బుల్లో పక్కింటి పెద్దమ్మ పెట్టిన బుట్ట కనబడింది. వెదురు పుల్లలతో అల్లిన బుట్ట అది, చేప లోపలికి దూరితే మళ్ళీ బయటికి రాలేదు. లోపల మోచేతి పొడుగు కొర్రమీను కొట్టుకుంటోంది.

మా ఏట్లో ఎవరి బుట్ట వాళ్ళదే. మూతి తాడు ముడి చూసి అది ఎవరిదో చెప్పేసేవాళ్ళు. ఇంకొకరి ముడి మీద చెయ్యి వేసిన మనిషి ఊళ్ళో లేడు. నేను వేశాను. చేపని తీసుకున్నాక మళ్ళీ అచ్చం పెద్దమ్మ వేసినట్టే ముడి వేశాను. దొంగతనం కన్నా ఆ ముడి వేసిన నేర్పుకే నాకిప్పుడు ఎక్కువ సిగ్గు.

మొప్పల్లోంచి తాటి నార దూర్చి, చేపని వేలాడేసుకుని వీధి మధ్యలోంచి నడిచాను. బావ పక్కకి జరిగి దారిచ్చాడు. అప్పటికి పొలం నుంచి వచ్చిన తాతయ్య చేపని చేతిలోకి తీసుకున్నాడు. నోరు తెరిచి, బొటనవేలు లోపల పెట్టి చుట్టూ తడిమాడు. మురిసిపోతున్నాడనుకున్నాను. అందరూ వింటుండగా అన్నాడు: "మొదటి సేప పట్టినోళ్ళింట్లో ఉడకకూడదే అమ్మీ. పక్కింటి పెద్దమ్మకిచ్చిరా. బాలింతరాలున్న కొంప."

వెళ్ళాలని లేదు నాకు. అయినా వీధంతా చూస్తోంది కదా, వెళ్ళాను.

పెద్దమ్మ కూతురికి కాన్పయి పది రోజులు. పాలు చాలక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. బాలింతకి చేప వండి పెడితే పాలు పడతాయని మా వైపు నమ్మకం. పెద్దమ్మ అప్పుడే ఏటి నుంచి వచ్చినట్టుంది, ఉత్త బుట్ట తడితడిగా గుమ్మం పక్కన పడి ఉంది. చేపని చూసి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పొద్దుటేల నుంచి నా బుట్టలో పరిగి పిల్లైనా పడనేదే. దీని తల్లికి ఏటి వండి పెట్టాలో తెలక కూకున్నాను. నీ సెయ్యి సల్లగుండాల" అంది. పసిదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఈ పిన్నే నీకు చేప తెచ్చిందని దానికి చెప్పింది. పసిదాన్ని మళ్ళీ ఆవిడ చేతుల్లో పెట్టి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి నేను అన్నం ముట్టకపోతే అమ్మ జ్వరమనుకుంది. నా గాలం నాకు మిగిలింది. నెలరోజుల దాకా దాన్ని చేత్తో తాకలేదు.

మరుసటేడు, నన్ను చూసి తనూ గాలం పట్టిన మా చెల్లికి జెల్ల పడింది. అదే దాని మొదటి చేప. ఎవరికైనా ఇచ్చి రావాలన్నాను. అక్కర్లేదు, వేయించమన్నాడు తాతయ్య. అప్పుడు నాకలా చెప్పావేం అని అడిగాను. ఆయన నీళ్ళకేసి చూస్తూనే జవాబిచ్చాడు.

"గాలానికి పడ్డ సేపకి మూతిలో సిల్లుంటాదే అమ్మీ."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నలుగురిలో నా పరువు కాపాడి, చేపని చేరాల్సిన ఇంటికి చేర్చాడు. మిగతాది నాకే వదిలేశాడు. వెళ్ళి నిజం చెప్పమనే వదిలాడని నాకు తెలుసు. నేను చెప్పలేదు. పెద్దమ్మ పోయేదాకా నన్ను దీవిస్తూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

ఆ పసిపిల్లకి ఇప్పుడు మనవలు. భోగాపురంలో ఉంటోంది. మొన్న పెళ్ళిలో కనబడితే నన్ను కోడలికి చూపించి, "మా సేపల పిన్ని. ఈవిడ పెట్టిన కొర్రమీనుతోటే నాను బతికాను" అని నా కాళ్ళకి దండం పెట్టింది. ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఈ వయసులోనూ తల వంగిపోతుంది. అణకువ అనుకుంటారు. కాదు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. నోటితో చెప్పలేనిది రాయగలిగాను. ఈ కాగితం ఆ పిల్లకి నా చేత్తోనే ఇస్తాను. చదివాక నన్ను ఏమని పిలిచినా పలుకుతాను.