ఉప్పునేల మీద దిగని రోజు

ఖతర్ దేశంలో ఇసుకంతా మా తాత హనుమప్ప టైర్ల కింద నలిగి నలిగే అంత మెత్తగా అయింది. ఆయన పోకముందు అక్కడున్నవన్నీ మా అనంతపురం గుట్టల్లాంటి బండరాళ్ళే. ఒంటెలు ఆయన హారను విని ఉలిక్కిపడి మెడలు పైకెత్తి, అట్లాగే ఉండిపోయాయి. నమ్మనివాళ్ళు పోయి చూసుకోవచ్చు.

ఇంత గొప్ప మనిషి అక్కడ చేసింది మాత్రం నీళ్ళు మోయడం. దోహాలో కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని ఇంట్లో, డ్రైవరు. పొద్దున పిల్లల్ని బడిలో దింపాలి. రోజు మార్చి రోజు పికప్పు వెనక ట్యాంకు నింపుకొని, ఉమ్ సయీద్ అవతల ఎడారిలో ఉన్న కఫీల్ గొర్రెల కొట్టానికి చేర్చాలి. ఆ కొట్టంలో గొర్రెలతో పాటు ఉండేది ఒకే మనిషి, బుచ్చన్న. నిజామాబాదు పక్క పల్లెవాడు. ఊళ్ళో అతని బోర్లు రెండూ ఎండిపోయాయి. మూడోది వేయించేదాకా తిరిగిరానని పెళ్ళాం రాములవ్వకు మాటిచ్చి వచ్చినాడు. మొగుడు దుబాయ్‌లో ఉన్నాడనే ఆమె ఊరంతా చెప్పుకునేది.

కఫీల్‌కు అప్పటికే గొర్రెల మీద మోజు తీరింది. అంతకుముందు వేసవిలో కొన్ని చచ్చాయి. ఈసారి కూడా పోతే కొట్టం ఎత్తేస్తానని చెప్పేసినాడు. కొట్టం పోతే బుచ్చన్న వీసా పోయినట్టే. అందుకే బండి వచ్చినప్పుడల్లా బుచ్చన్న ముందు ట్యాంకు వైపు చూసి, ఆ తర్వాతే తాత మొహం చూసేవాడు. తాతకు అది లోలోపల కొంచెం చిన్నతనంగా ఉండేది.

ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి మోసింది ఒక ముసలి పికప్పు. దానికి ఏసీ లేదు. వేసవిలో తలుపు పట్టుకుంటే చెయ్యి కాలేది, తాత అరచేతికి గుడ్డ చుట్టుకొని తీసేవాడు. స్టీరింగు తిప్పడానికి భుజాలు, నడుము అన్నీ పనిచేయాల్సిందే. గుంటలో పడితే పళ్ళు టకటకమనేవి. తన ముందుపన్ను అట్లాగే ఊడిందని ఆయన అంటాడు. బెల్లపు పాకం ఉండ కొరికి ఊడిందని మా అవ్వ అంటుంది.

అన్నిటికంటే ఆయనకు ఒళ్ళు మండేది ఇంకోటి. ఇసుకలోకి పోయే ముందు నాలుగు చక్రాలూ లాగాలంటే బండి ఆపి, దిగి, ముందు చక్రాల నడుమ ఉండే మూతలు చేత్తో తిప్పాలి. ఎడమది తిప్పి, బండి ముందు నుంచి నడిచి పోయి, కుడిది తిప్పి, మళ్ళీ వచ్చి ఎక్కాలి. ఆ కాస్త నడకకే తాత ఆ బండి చేసినవాళ్ళ వంశాన్నంతా తిట్టేవాడు.

చివరికి ఆయన పోరు పడలేక తొంభై ఆరులో కఫీల్ కొత్త పికప్పు కొన్నాడు. మెత్తని సీటు, చల్లటి గాలి, వేలితో తిరిగే స్టీరింగు, వెడల్పు టైర్లు. సీటు పక్కనున్న కడ్డీ లాగితే చాలు, నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి. దిగే పని లేదు. ముసలిదాన్ని ముషైరిబ్‌లో సిమెంటు మోయడానికి ఎవరో కొనుక్కుపోతుంటే తాత తల తిప్పి కూడా చూడలేదు.

కొట్టానికి పోయే దోవలో ఒక ఉప్పునేల ఉంది. పైన పెచ్చు కట్టి గచ్చు చేసినట్టే కనబడుతుంది, సముద్రం పోటు మీదున్న రోజుల్లో కింద అంతా బురద. ముసలి బండి రోజుల్లో మూతలు తిప్పడానికి తాత దిగేది ఆ అంచునే. మడమ కింద పెచ్చు దిగబడితే చుట్టుతిరిగి రాళ్ళదోవన పోయేవాడు. దాన్ని ఆయన ఒక పనిగా ఎప్పుడూ అనుకోలేదు. తిట్టుకుంటూ తిరిగే ఆ నడకలో కాళ్ళే చూసుకునేవి.

ఆగస్టు నెలలో ఆ రోజు ఆయన దిగలేదు. ఏసీ గాలికి చెమట ఆరిపోయి హాయిగా ఉంది. కడ్డీ లాగి నేరుగా పోయినాడు. నడిమధ్యకు చేరేసరికి ముందు చక్రాలు కుంగాయి, నీళ్ళ బరువుకు వెనకవి కూడా దిగిపోయాయి. కొత్త బండి కదా, ఏమైనా అయితే కఫీల్ ఏమంటాడోనని చేతులతో, చెక్కముక్కతో సాయంత్రం దాకా తవ్వినాడు. తవ్వినకొద్దీ ఉప్పునీళ్ళే ఊరాయి. అప్పటికి గానీ ఆయనకు బుచ్చన్న గుర్తు రాలేదు.

ఒక డబ్బాలో నీళ్ళు పట్టుకొని భుజాన వేసుకొని నడిచినాడు. బుచ్చన్న కొట్టం బయటే నిలబడి ఉన్నాడట. తాత వెనకాల ట్యాంకు కోసం చూసి, డబ్బా చూసి, చెయ్యి చాపి అందుకున్నాడు. తాను రెండు గుక్కలు తాగి, మిగిలినవి గొర్రెపిల్లల నోళ్ళు తడపడానికి పోసినాడు. మరుసటి రోజు ఎండ ముదిరినాక ఏదో కంపెనీ లారీ బండిని బయటికి లాగింది. నీళ్ళు చేరేసరికి మందలో సగానికి పైగా చచ్చి పడి ఉన్నాయి.

కఫీల్ వచ్చి చూసి అరవలేదు. బండి స్టార్ట్ అవుతోందా అని మాత్రం అడిగినాడు. అవుతోంది. పిల్లల బడికి డ్రైవరు కావాలి కాబట్టి తాత ఉద్యోగం తాతకు ఉంది. బుచ్చన్న వైపు తిరిగి, "మాఫీ గనం, మాఫీ షుగుల్" అన్నాడు. గొర్రెల్లేవు, పని లేదు. తప్పు తనదని తాత తనకొచ్చిన అరబ్బీలో చెప్పబోతే, కఫీల్ అప్పటికే కారెక్కినాడు.

బుచ్చన్నను విమానాశ్రయానికి తీసుకుపోయింది కూడా ఆ కొత్త బండే. గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి, బుచ్చన్న చిన్నపిల్లాడిలా నవ్వినాడు.

"సల్లగున్నదే అన్నా. ముసలిదాంట్ల గిట్ల లేకుండె."

తాత ఏసీ ఆపేసి అద్దం దించినాడు.

"ఎందుకే, ఉండనియ్యి. మళ్ల ఎప్పుడెక్కుత?" అన్నాడు బుచ్చన్న.

కొట్టం మూసేసినా, చలికాలంలో కఫీల్ కొడుకుల గుడారం సామాను మోయడానికి తాత ఆ దోవన పోతూనే ఉన్నాడు. ఉప్పునేల అంచుకు రాగానే బండి ఆపి దిగేవాడు. ఎడమ చక్రం దగ్గర వంగి, ముందు నుంచి నడిచి పోయి, కుడి చక్రం దగ్గర వంగేవాడు. కొత్త బండికి అక్కడ తిప్పడానికి ఏమీ లేదు. ముసలాయన బండికి మొక్కుతున్నాడని ఆ కుర్రాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

ఇదంతా రాసి, ఇసుక నలగడం గురించిన మొదటి నాలుగు మాటలు భలే కుదిరాయని తాతకు చదివి వినిపించినాను. నవ్వుతాడనుకుంటే, ఊడిన పన్ను సందులోంచి పక్కకు ఉమ్మి అన్నాడు:

"నలిగింది ఇసుక కాదురా, బుచ్చన్న. రాస్తే అది రాయి. లేకుంటే మూసుకొని కూర్చో."