మాటు గుడారం

వేటసామాన్ల కొట్టులో తుపాకీవాళ్ళు, జింకకు కనపడకుండా పొంచి కూర్చునే మాటు గుడారాన్ని బయటినుంచే చూసి కొనేస్తారు. ఎల్డన్ అలా కాదు. కొన్ని శనివారాలుగా తన పొడవాటి కర్రవిల్లు వెంట తెచ్చుకుంటున్నాడు. టోపీ తీసి, నడుం వంచి గుడారంలోకి దూరతాడు. ముక్కాలిపీట మీద కూర్చుని, బాణం పెట్టకుండా నారిని చెంపదాకా లాగి, మెల్లగా వెనక్కి వదులుతాడు. పాలు పితికి పితికి కణుపులు లావెక్కిన వేళ్ళు అవి. విల్లు పైకొస కప్పుకు తగిలిందంటే ఆ కాస్త చప్పుడు చాలు, జింక ఉండదు. లేచి పక్కదాంట్లో దూరతాడు.

ఈ శనివారం, గోడవారగా వేసిన పెద్ద గుడారంలో కొస ఎక్కడా తగల్లేదు.

"దొరికిందా మహానుభావా?" అంది కొట్టు నడిపే డోరిస్.

జర్రుమని ఒక కిటికీ జిప్పు మూసుకుంది. తర్వాత ఇంకోటి. చివరికి అన్నీ.

"అన్నీ మూసేసుకుంటే జింకెలా కనపడుద్దయ్యా? వాసన చూసి కొడతావా?"

వసంతంలో అతని ఆవులన్నీ వేలంలో పోయాయని డోరిస్‌కు తెలుసు. ఆ మాట అతనెప్పుడూ ఎత్తలేదు.

"ఇంట్లో ఏ కిటికీ దగ్గర కూర్చున్నా ఆ ఖాళీ కొట్టమే కనపడుతోంది, డోరిస్," అన్నాడు ఎల్డన్, ధర అడిగినంత మామూలుగా. "ఇదే ఇచ్చెయ్."

అన్నాడు గానీ, బయటికి రాలేదు.