సగంలో ఆగిన స్కూటరు

సెలూన్ బాబాయికి చెయ్యి ఆడితే నోరూ ఆడాల్సిందే. చెవిమీద దువ్వెన దోపుకుని, బావమరిది పాత స్కూటరు నడివీధిలో మొరాయించిన కథ చెబుతూ లెక్కల మాస్టారి జుట్టు కత్తిరిస్తున్నాడు. నెత్తిమీద శనగగింజంత గడ్డ వేలికి తగిలింది. చెయ్యీ నోరూ రెండూ ఆగిపోయాయి.

"నిరుడు పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది కదా మాస్టారూ, దీన్ని డాక్టరుకి చూపించండి."

"పేగుకీ నెత్తికీ ఏం సంబంధమయ్యా!"

ఉందని పరీక్షలో తేలింది. పేగులోదే అంత పైకి పాకిందట, అరుదుగా అలా జరుగుతుందట. మందులకు జుట్టు రాలకముందే గుండు చేయించుకుందామని మాస్టారు మళ్లీ వచ్చారు. బాబాయి తలెత్తకుండా, గడ్డకు తగలకుండా కత్తి నడుపుతున్నాడు. నోరు పెగల్లేదు. సగం గుండయ్యాక మాస్టారే అద్దంలోంచి గదమాయించారు.

"ఇంతకీ ఆ స్కూటరు కదిలిందా లేదా? నెల్లాళ్లుగా నాకు నిద్రపట్టడం లేదయ్యా!"