నిన్న ఎటువైపు ఉంటుంది?

యులాలియా సిర్పా మా బడిలో ఇరవై రెండేళ్లుగా చరిత్ర చెబుతోంది. పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. ఆమె మొండితనమంటే నాకు విసుగూ ఉంది, గౌరవమూ ఉంది. ఆమె తండ్రి ఈ ఊరి సరస్సులో చేపలు పట్టి బతికినవాడు. ఇప్పుడు సరస్సు లేదు, ఉప్పు తేలిన నేల ఉంది. యులాలియా ఏటా నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ నీళ్లు గీసి చూపిస్తుంది. పిల్లలు మర్యాదగా వింటారు కానీ నమ్మరు.

"అన్ని నీళ్లూ ఎవరు తాగేశారు టీచరమ్మా?" అని బ్రిసేయిదా అనే పిల్ల ఒకసారి అడిగేసింది.

ఈ ఏడాది రాజధాని లా పాజ్ నుంచి మాకు ఆరు వీఆర్ కళ్లద్దాలు వచ్చాయి. పిల్లలు వాటికి గంతలని పేరు పెట్టారు. అవి పెట్టుకుంటే చుట్టూ పాత సరస్సు కనిపిస్తుంది. తల ఎటు తిప్పినా నీళ్లు, రెల్లు పడవలు. తడిసిపోతామని పిల్లలు కాళ్లు పైకెత్తుకున్నారు. యులాలియా పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. తీశాక, "చలి ఒక్కటే తక్కువైంది" అంది. ఆ నెలంతా ఆమె తరగతిలో పిల్లలు అడిగిన ప్రశ్నలు ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు.

కానీ అవి నెల రోజులకే ఇచ్చారు. నెలాఖరున ఆ గంతల్లోనే ఒక పరీక్ష ఉంటుంది. పిల్లలు అందులో తప్పితే కళ్లద్దాలని వేరే బడికి పట్టుకుపోతారు. పరీక్ష పెట్టడానికి రెమీహియో కతారి అనే అధికారి వచ్చాడు. మొదటి ప్రశ్న మా అయ్‌మారా భాషలో వినిపించింది: "గడిచిన కాలం ఎటు ఉంది? చెయ్యి చాపి చూపించండి."

ఆరుగురూ చేతులు ముందుకు చాపారు. తప్పు అంది యంత్రం. రెండో జట్టూ ముందుకే చాపింది. మళ్లీ తప్పు.

"ఒక్కరికీ రాలేదేంటమ్మా? నెలంతా ఏం చెప్పావు?" అన్నాడు కతారి.

"వాళ్లు చెప్పింది రైటే సారూ. నయ్రా అంటే కన్ను, నయ్రా అంటేనే గడిచిపోయింది కూడా. నిన్నని చూశాం కాబట్టి అది కళ్లముందుంది. రేపటిని ఎవరు చూశారు? అది వీపు వెనకాలే."

"కబుర్లు చెప్పకు. మిషన్ తప్పంటే తప్పే."

నాకు ఒళ్లు మండింది. గడిచిన కాలం వెనక ఉందనడానికి మా భాషలో నోరే తిరగదు. ప్రశ్న రాసినవాడు, గతాన్ని వెనక పెట్టే స్పానిష్‌లో ఆలోచించి అయ్‌మారా మాటలు తొడిగాడు. యులాలియా మాత్రం వాదించలేదు. మధ్యాహ్నం ఆయన ముందు కీన్వా గింజల చారు గిన్నె పెట్టి, "మీ అమ్మగారిది ఏ ఊరు సారూ?" అని అడిగింది.

కతారి మెత్తబడ్డాడు. "అవతలి గట్టే. ఎప్పుడో, నా చిన్నప్పుడు, అమ్మ నన్ను వీపున కట్టుకుని ఈ సరస్సు మీదే పడవలో..."

ఎప్పుడో అన్నప్పుడు ఆయన చెయ్యి ముందుకు, దూరంగా, కిటికీ అవతలి ఉప్పునేల వైపు సాగింది.

"చెయ్యి దించకండి సారూ" అంది యులాలియా.

ఆయన తన చెయ్యి తనే చూసుకున్నాడు. చారు చల్లారింది. తర్వాత కాగితం తీసి, "తప్పు ప్రశ్నది. సరిచేసి మళ్లీ పరీక్ష పెట్టేదాకా కళ్లద్దాలు ఈ బడిలోనే ఉండాలి" అని రాసి సంతకం పెట్టాడు.

యులాలియా కళ్లు తుడుచుకుంది. అయినా ఊరుకోలేదు.

"మరి ఆ ప్రశ్న ఎప్పుడు సరిచేస్తారు సారూ?"

"ఏమోనమ్మా, ఎప్పటికో" అంటూ కతారి బొటనవేలితో తన వీపు వెనక్కి చూపించాడు.